వణుకు వెనుక ఉన్న లెక్క

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

  

సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "అన్నా, ఇరవై నిమిషాలు మాట్లాడాలి. కరెంటు గురించైనా సరే, పిల్లలకు నాలుగు మంచి మాటలైనా సరే" అన్నాడు. నేను తాగుడు గురించి, నిద్రమాత్రల గురించి మాట్లాడతానన్నాను. "పండగ పూట అదేమిటన్నా?" అని నవ్వాడు. కాసేపాగి తనే, "సరే మాట్లాడన్నా, అవసరమే" అన్నాడు.

ఎందుకు అవసరమో మీకూ తెలుసు. పొద్దున మనం లేచి నిలబడి మౌనం పాటించాం. మనలో లేనివాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదివారు. కొన్ని పేర్ల దగ్గర కళ్ళు తుడుచుకున్నాం. ఇంకొన్ని పేర్ల దగ్గర తలలు దించుకుని ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ ఇళ్ళలో "గుండెపోటు" అనో, "పచ్చకామెర్లు" అనో చెప్పారు. మనమూ అదే అన్నాం. అసలు సంగతి పైకి అనకపోవడం మర్యాద అనుకుంటాం. ఆ మర్యాద వల్ల, తరవాతి మనిషికి అందాల్సిన సమాచారం అందకుండా పోతోంది. అందుకే ఈ ప్రసంగం.

నేను డాక్టర్ని కాను. ముప్ఫై ఏళ్ళుగా థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో పనిచేస్తున్న ఇంజనీరును. ప్లాంటులో కొందరి వల్ల, ఇంట్లో మా అమ్మ వల్ల ఈ విషయం తెలుసుకోవలసి వచ్చింది. డాక్టర్లను అడిగాను, చదివాను. మందుల మోతాదులు నేను చెప్పను, చెప్పకూడదు. లోపల ఏం జరుగుతుందో మాత్రం నాకు తెలిసిన భాషలో చెబుతాను.

మా జనరేటరు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. దానికి ఎదురుగా గ్రిడ్ లోడు ఉంటుంది. లోడు పెరిగితే గవర్నరు ఇంకొంచెం ఆవిరి వదులుతుంది. వేగం మాత్రం అదే 3000. బయటి నుంచి చూసేవాళ్ళకు అంతా ప్రశాంతంగా ఉంటుంది. ఇప్పుడు బ్రేకరు ట్రిప్పయి లోడంతా ఒక్కసారిగా పోయిందనుకోండి. ఆవిరి అంతే వస్తోంది, ఎదురు లాగేది లేదు. టర్బైను వేగం సెకన్లలో పెరిగిపోతుంది. 3300 సమీపంలో రక్షణ వ్యవస్థ ఆవిరిని మూసేయకపోతే యంత్రం ముక్కలవుతుంది.

మన మెదడులో కూడా ఇలాంటి తూకం ఒకటి ఉంది. గాబా అనే రసాయనం బ్రేకు. గ్లుటమేట్ అనేది ఆవిరి. మద్యం తాగితే బ్రేకు బలం పెరుగుతుంది, ఆవిరి తగ్గుతుంది. అందుకే మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది, నిద్ర వస్తుంది. రోజూ తాగితే మెదడు ఊరుకోదు. ఎదురు మందగింపు ఎంత ఉందో అంత ఆవిరి పెంచుకుంటుంది, తన బ్రేకుల్ని తనే వదులు చేసుకుంటుంది. అందుకే మొదట్లో క్వార్టరుకే పడిపోయినవాడు కొన్నేళ్ళకు రెండు క్వార్టర్లు తాగినా నిటారుగా నడుస్తాడు. "వాడికి ఎంత కెపాసిటీ!" అని మెచ్చుకుంటాం. అది కెపాసిటీ కాదు, మెదడు లోడుకు తగ్గట్టు ఆవిరి పెంచుకుందని గుర్తు.

అలాంటి మనిషికి ఒకరోజు మందు అందలేదు. లోడు పోయింది, ఆవిరి ఉంది. మా గవర్నరు సెకన్లలో సర్దుకుంటుంది. మెదడు సర్దుకోవడానికి రోజులు, కొన్ని విషయాల్లో వారాలు పడుతుంది. ఆ మధ్య కాలంలో జరిగేదే విత్‌డ్రాయల్.

దానికి ఒక కాలపట్టిక ఉంది. దయచేసి గుర్తుపెట్టుకోండి. చివరిసారి తాగిన ఆరు నుంచి ఎనిమిది గంటల్లో చేతులు వణకడం, చెమటలు, వికారం, గుండె దడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి అసలు ప్రమాదం వస్తుంది. జ్వరం, బీపీ పెరగడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం, లేనివాళ్ళు కనిపించడం, ఒంటి మీద పురుగులు పాకుతున్నాయని దులుపుకోవడం. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చికిత్స లేకపోతే ఇది ప్రాణం తీస్తుంది. సకాలంలో ఆసుపత్రికి చేరిస్తే చాలామంది బతుకుతారు.

మా ప్లాంటులో ఒక ఫిట్టరు ఉండేవాడు. పనిలో నిపుణుడు. డ్యూటీలో ఎప్పుడూ తాగి రాలేదు. పరంజా మీద నుంచి జారి కాలు విరిగింది. ఆసుపత్రిలో చేర్చారు, ఆపరేషన్ అయింది. మూడో రోజు రాత్రి సెలైన్ పీకేసి, మంచం దిగబోయి, "కన్వేయర్ ఆగిపోయింది, నా స్పానర్లేవి?" అని గోడ తడమడం మొదలుపెట్టాడు. తలకు దెబ్బ తగిలిందని ఒకరు, గాలి సోకిందని ఇంకొకరు అన్నారు. నిమ్మకాయలు కూడా తెచ్చారు. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సమ్మ అతని భార్యను పక్కకు పిలిచి, "అమ్మా, ఆయన రోజూ తాగుతాడా?" అని అడిగింది. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరవాత "ఇంటికొచ్చాక రోజూ" అంది. ఆ రెండు మాటలతో చికిత్స మారింది, మనిషి బతికాడు. ఆసుపత్రిలో చేర్చిన రోజే అడిగి ఉంటే, లేదా ఇంట్లోవాళ్ళు చెప్పి ఉంటే, ఆ రాత్రి వచ్చేదే కాదు.

కాబట్టి మొదటి మాట: ఏ కారణంతో ఆసుపత్రికి వెళ్ళినా, కాలు విరిగినా, కంటి ఆపరేషన్ అయినా, రోజూ ఎంత తాగుతారో, ఏ మాత్రలు వేసుకుంటారో డాక్టరుకు నిజం చెప్పండి. పరువు గురించి తరవాత చూసుకోవచ్చు.

మన ప్రాంతంలో ఇది ఊళ్ళకు ఊళ్ళ మీద కనిపించిన సందర్భాలున్నాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి మద్యం దుకాణాలు మూసినప్పుడు, కొద్ది రోజుల్లోనే హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి వణుకుతో, మతిభ్రమతో జనం వరస కట్టారు. అంతకుముందు 2015లో కల్తీ కల్లు మీద దాడులు గట్టిగా జరిగినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో ఇలాగే అయింది. కల్లు మానితే ఫిట్స్ ఎందుకొస్తాయి? ఎందుకంటే అది కల్లు కాదు. చెట్టు కల్లు చాలక, నీళ్ళలో ఆల్ప్రజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలిపి అమ్మిన సరుకు. పొద్దంతా కూలి చేసి సాయంత్రం కల్లు కాంపౌండులో కూర్చున్న ముసలమ్మకు తను నిద్రమాత్రలు తాగుతున్నానని తెలియదు. సరుకు ఆగిన మూడో నాడు నాలుక మడతపడి, చేతులు కొంకర్లు పోయి, పిచ్చిగా మాట్లాడితే ఇంట్లోవాళ్ళకూ తెలియలేదు.

దుకాణం మూయడం తప్పని నేననడం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద చేసిన పోరాటం మనందరికీ గర్వకారణం. అది 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం దాకా వచ్చింది, 1997లో సడలింది. చట్టం దుకాణాన్ని మూయగలదు. తాగేవాడి మెదడులో పెరిగిన ఆవిరిని తగ్గించే పని ఆసుపత్రిది. రెండూ కలిసి నడవాలి.

మన దగ్గర ఏటా జరిగే ఇంకో విషయం చెబుతాను, అపార్థం చేసుకోవద్దు. కార్తీకంలో చాలామంది అయ్యప్ప మాల వేసుకుంటారు. ముందురోజు రాత్రి దాకా తాగి, తెల్లారి మాల వేసుకుని ఒక్కసారిగా ఆపేస్తారు. దీక్షతో పూర్తిగా మానేసినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు, వాళ్ళకు నా నమస్కారం. కానీ రోజూ ఎక్కువగా తాగేవాళ్ళకు రెండో నాడు, మూడో నాడు వణుకు, ఫిట్స్ రావచ్చు. పైగా నలభై ఒక్క రోజులు ఆపి, మాల తీయగానే మొదలుపెట్టి, మళ్ళీ ఏడాది ఆపితే, అలా ఆపిన ప్రతిసారీ విత్‌డ్రాయల్ ముందటి కంటే తీవ్రంగా వచ్చే అవకాశం ఉంది. "పోయినేడు ఏమీ కాలేదు కదా" అన్న ధైర్యం చాలదు. మాలకు రెండు వారాల ముందే డాక్టరును కలవండి. స్వామికి కోపం రాదు.

ఇప్పుడు మాత్రల సంగతి. మద్యం అంటే మగవాళ్ళ సమస్య అనుకుంటాం. నిద్రమాత్ర మాత్రం మన అమ్మల, అత్తల దిండు కింద ఉంటుంది. నాన్నగారు పోయిన ఏడాది అమ్మకు నిద్ర పట్టేది కాదు. ఒక డాక్టరు ఆల్ప్రజోలం రాశారు, పది రోజులకు. ఆ పది రోజులు ఎనిమిదేళ్ళయ్యాయి. చీటీ పసుపుపచ్చగా మారి మడతల దగ్గర చిరిగిపోయింది. మందుల షాపులో అదే చీటీ చూపిస్తే ఇస్తూనే ఉన్నారు. సగం మాత్ర ఒకటైంది, ఒకటి రెండైంది. బాత్రూములో రెండుసార్లు పడింది. వయసు అనుకున్నారు అందరూ.

ఒకసారి బెంగుళూరులో మేనకోడలి పెళ్ళికి వెళ్ళాం. మాత్రల డబ్బా ఇంట్లో ఉండిపోయింది. అమ్మ ఎవరికీ చెప్పలేదు, "పెళ్ళింట్లో నా గొడవెందుకు" అనుకుంది. మూడో రోజుకు చేతులు వణుకుతున్నాయి, వెలుతురు చూడలేకపోతోంది, "గుమ్మం దగ్గర మీ నాన్న నిలబడ్డాడు, లోపలికి రమ్మనరా" అంటోంది. అక్కడి మానసిక వైద్యురాలు అమ్మ నాడి చూస్తూ అడిగిన మొదటి ప్రశ్న: "అమ్మా, మీరు రోజూ వేసుకునే మాత్రల్లో ఏది ఆగింది?" కారణం అదే. ఆల్ప్రజోలం, క్లోనజీపాం, డైజీపాం, నైట్రజీపాం ఇవన్నీ ఒకే కుటుంబం, బెంజోడయజిపైన్లు. ఇవి నొక్కేది కూడా మద్యం నొక్కే ఆ గాబా బ్రేకునే. అందువల్ల ఒక్కసారిగా ఆపితే వచ్చే ప్రమాదం కూడా అలాంటిదే, ఫిట్స్‌తో సహా.

అమ్మకు మాత్రలు మాన్పించడానికి పదకొండు నెలలు పట్టింది. ముందు ఒంట్లో ఎక్కువసేపు నిలిచే ఇంకో మాత్రకు మార్చారు. తరవాత రెండు మూడు వారాలకోసారి కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వచ్చారు. చివరి కొంచెం తగ్గించడానికే ఎక్కువ కాలం పట్టింది. మేం యూనిట్‌ను ఆపేటప్పుడు కూడా బ్రేకరు ఠక్కున తెరవం. లోడు మెట్లు మెట్లుగా దించుతాం. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో హీథర్ ఆష్టన్ అనే వైద్యురాలు 1982 నుంచి 1994 దాకా ఈ మాత్రలు మానేవాళ్ళ కోసమే ఒక క్లినిక్ నడిపి, ఈ నెమ్మది పద్ధతిని వివరంగా రాసిపెట్టారు. ఇప్పుడు అమ్మ రాత్రి అయిదు గంటలు నిద్రపోతుంది. "నిద్రే లేదురా" అని సణుగుతుంది. కానీ తూలకుండా నడుస్తుంది, మనవరాలి ఫోన్ నంబరు చూడకుండా చెబుతుంది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. అమ్మకు మాత్రల మీద మోజు లేదు. ఇంకా కావాలని వెతుక్కోలేదు, అబద్ధాలాడలేదు. ఆమె శరీరం మాత్రకు అలవాటుపడింది, అంతే. దీన్ని వైద్యులు శారీరక ఆధారపడటం అంటారు. వ్యసనం ఇంకో మెట్టు. నష్టం కళ్ళకు కనిపిస్తున్నా, మానాలని ఉన్నా, ఆగలేకపోవడం. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు, విడిగానూ ఉండవచ్చు. మొదటిదానికి "నువ్వు తాగుబోతులా తయారయ్యావు" అనడం అన్యాయం. రెండోదానికి "మనసు గట్టి చేసుకో" అనడం చాలదు.

ఇంకో గుంపు మందులున్నాయి. ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, కోడీన్ కలిసిన దగ్గు మందులు. ఇవి నల్లమందు జాతివి. ఆపితే ఒళ్ళునొప్పులు, విరేచనాలు, ముక్కు కారడం, ఆవులింతలు వస్తాయి. నరకంలా ఉంటుంది గానీ మద్యం, నిద్రమాత్రల విత్‌డ్రాయల్ అంత ప్రాణాంతకం సాధారణంగా కాదు. ఇక్కడ ప్రమాదం మరోచోట ఉంది: కొన్నాళ్ళు మానేసి మళ్ళీ పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. మద్యం మీద నిద్రమాత్ర వేసుకున్నా, నిద్రమాత్ర మీద ట్రమడాల్ వేసుకున్నా అదే ప్రమాదం.

ఇది ఎంతమంది సమస్య? ఎయిమ్స్‌లోని జాతీయ కేంద్రం దేశమంతా సర్వే చేసి 2019లో నివేదిక ఇచ్చింది. మద్యం తాగేవాళ్ళు సుమారు 16 కోట్లు. అందులో హాని కలిగేంతగానో, మానలేని స్థితిలోనో తాగుతూ సాయం అవసరమైనవాళ్ళు 5.7 కోట్లు. వైద్య అవసరం లేకుండా మత్తు, నిద్రమాత్రలు వాడేవాళ్ళు 1 కోటి 18 లక్షలు. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగతా 37 మంది మన ఇళ్ళలోనే ఉన్నారు.

మరి చికిత్స ఏమిటి? మొదటి వారం పది రోజులు విత్‌డ్రాయల్‌ను క్షేమంగా దాటించడం. దానికి డాక్టర్లు ఆ బెంజోడయజిపైన్లనే కొద్ది రోజులు ఇచ్చి తగ్గిస్తారు. లోడు ఒక్కసారిగా పోకుండా, చేతిలో ఉన్న లోడు పెట్టి మెల్లగా దించడం. విటమిన్ బి1, అంటే థయామిన్, ఇంజెక్షన్లు ఇస్తారు. ఏళ్ళ తరబడి తాగేవాళ్ళకు ఇది అడుగంటి ఉంటుంది. అది లేకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. అందుకే "నీరసంగా ఉన్నాడు, ఓ గ్లూకోజు బాటిల్ ఎక్కించండి" అని ఊళ్ళో చేయించే వైద్యం వీళ్ళకు సరిపోదు. ఈ మాత్రలు ఇంట్లో సొంతంగా వాడితే మాత్రం ఒక వ్యసనం పోయి రెండోది వస్తుంది.

ఆ పది రోజులతో అయిపోయిందని మనం అనుకుంటాం. అసలు పని అప్పుడే మొదలవుతుంది. కోరిక నెలల తరబడి వస్తూనే ఉంటుంది. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు దాన్ని తగ్గిస్తాయి. కౌన్సెలింగ్ ఉంది. 1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు మన ఊళ్ళలో తెలుగులోనూ జరుగుతున్నాయి, డబ్బు అడగరు. మళ్ళీ తాగితే చికిత్స విఫలమైందని కాదు. షుగరు పెరిగితే మందు మారుస్తారు గానీ రోగిని తిట్టి పంపరు కదా.

చేయకూడని పనులు రెండు. తెలియకుండా మజ్జిగలోనో, పప్పులోనో డైసల్ఫిరాం కలిపి పెట్టడం. ఆ సంగతి తెలియక అతను తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. రెండోది, కట్టేసి కొట్టే "మాన్పించే కేంద్రాల"కు అప్పగించడం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉందా, డాక్టరు ఉన్నారా అని అడగండి.

మీ సంగతి మీకే తెలుసుకోవాలంటే జాన్ యూయింగ్ అనే వైద్యుడు 1984లో ప్రచురించిన నాలుగు ప్రశ్నలున్నాయి. తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? మీ తాగుడు గురించి ఎవరైనా అంటే చిరాకు వచ్చిందా? తాగినందుకు తప్పు చేసినట్టు అనిపించిందా? పొద్దున లేవగానే నిలదొక్కుకోవడానికి తాగారా? రెండింటికి అవుననిపిస్తే డాక్టరుతో మాట్లాడండి. చివరి ప్రశ్నకు అవునంటే మాత్రం సొంతంగా ఒక్కసారిగా ఆపకండి. ముందు ఆసుపత్రి, తరవాత ఆపడం.

ముగించే ముందు మూడు విన్నపాలు. సంఘానికి: మన పూర్వ విద్యార్థుల్లో డాక్టర్లు ఉన్నారు. స్వర్ణోత్సవ నిధిలోంచి ఏడాదికి రెండుసార్లు మన బడి ఆవరణలో మానసిక వైద్యుల శిబిరం పెట్టండి. "ఉచిత బీపీ, షుగరు, నిద్ర సమస్యల పరీక్ష" అని బోర్డు రాయండి, జనం మొహమాటం లేకుండా వస్తారు. మందుల షాపులు నడుపుతున్న తమ్ముళ్ళకు: ఈ మాత్రల్లో చాలావరకు హెచ్1 షెడ్యూలులో ఉన్నాయి. ఎవరికి అమ్మారో రిజిస్టరులో రాయాలని మీకు తెలుసు. పాత చీటీ చూసి ఇవ్వకండి. అలాగని ఎనిమిదేళ్ళు వాడినామెను ఒట్టి చేతులతోనూ పంపకండి. ఆ రోజే డాక్టరు దగ్గరకు పంపండి. గురువులకు: ఇంట్లో తండ్రి రాత్రంతా వణికి కేకలు పెట్టిన ఇంటి పిల్లవాడు పొద్దున క్లాసులో కునికిపాట్లు పడతాడు. మీరు మాకు చేసినట్టే, ఇప్పటి పిల్లలకూ కొట్టే ముందు ఒక మాట అడిగే ఓపిక ఇప్పటి టీచర్లకు నేర్పండి.

రెండు నంబర్లు రాసుకోండి. 14446, మత్తు విముక్తి జాతీయ హెల్ప్‌లైన్. 14416, టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు. రెండూ ఉచితం. ఫిట్స్ వచ్చినా, మనిషి మతి తప్పినా ఫోన్లో సలహా కోసం చూడకుండా 108ని పిలవండి.

భోజనాల తరవాత సాయంత్రం కార్యక్రమాలు మొదలయ్యే దాకా నేను సైకిలు షెడ్డు పక్కన వేపచెట్టు కింద ఉంటాను. ఎవరైనా మాట్లాడాలనుకుంటే రండి. మీ కోసమైనా, ఇంట్లోవాళ్ళ కోసమైనా. పేరు అడగను, బ్యాచ్ కూడా అడగను.